మొదటి వేట రైఫిల్: కొత్తదా, సెకండ్ హ్యాండ్‌దా?

టెక్సాస్‌లో నవంబరు మొదటి శనివారం డీర్ సీజన్, అంటే జింకల వేట కాలం, మొదలవుతుంది. ఆగస్టు వచ్చిందంటే నాకు మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఆఫీసులో వాళ్లు వేటకి రమ్మంటున్నారు. రైఫిల్ తీసుకుందామనుకుంటున్నా. కొత్తది కొనాలా, పాతది చూసుకోవాలా?" ఫోన్లో పది నిమిషాల్లో తేలే సంగతి కాదిది. అందుకే అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ వెంట వచ్చి, తుపాకీని విప్పి, లోపల చూసి చెప్పగల మనిషి ఉంటే సెకండ్ హ్యాండ్ కొనండి. అదే డబ్బుకి ఒక మెట్టు పై రకం చేతికొస్తుంది. అలాంటి మనిషి లేకపోతే మొదటి రైఫిల్ కొత్తదే కొనండి, ఖరీదైనది కాదు, మామూలుది. ఒకటి రెండు సీజన్లు దానితో తిరిగితే మీరే ఆ చూసి చెప్పగల మనిషి అవుతారు. అప్పుడు రెండోది పాతది కొనుక్కోవచ్చు.

ఇది అమెరికాలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దేశంలో వేట నేరం. ఆంధ్రలో, తెలంగాణలో ఈ ప్రశ్నకే చోటు లేదు. ఇక్కడి పద్ధతి వేరు. వేట లైసెన్సుల డబ్బు రాష్ట్ర వన్యప్రాణి శాఖకి వెళుతుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం కొత్త రైఫిళ్ల మీద, తూటాల మీద కంపెనీలు కట్టే 11 శాతం పన్ను కూడా రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకే చేరుతుంది. నేనుండేది టెక్సాస్ కాబట్టి ఇక్కడి లెక్కలే చెబుతాను. మీ రాష్ట్రం నియమాలు వేరుగా ఉండొచ్చు, చూసుకోండి.

1. ముందు మీరు కొనవచ్చో లేదో తేల్చుకోండి

రైఫిల్ సంగతి తర్వాత. మన వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, ఇక్కడ జరిగే పొరబాటుకి డబ్బుతో విరుగుడు లేదు.

పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, నేర చరిత్రలాంటి అడ్డంకులు లేకపోతే డీలరు దగ్గర రైఫిల్ కొనవచ్చు. హెచ్‌1బి, హెచ్‌4, ఎల్‌1, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి మాత్రం ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. కొనడమే కాదు, చేత్తో పట్టుకోవడం కూడా. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ దగ్గర ఉండాలి. అది ఉంటే డీలరు దగ్గర ఆ మినహాయింపు కింద ఫారం నింపి కొనవచ్చు. డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఐ-94 నంబరు (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు నంబరు), వేట లైసెన్సు తీసుకెళ్లాలి.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, వరస. "ముందు రేంజ్‌కెళ్లి ఫ్రెండ్ రైఫిల్‌తో కాల్చి చూస్తా, నచ్చితే లైసెన్సు తీసుకుంటా" అంటారు. అది తలకిందుల వరస. లైసెన్సు ముందు, రేంజ్ తర్వాత. రెండోది, గడువు. టెక్సాస్ వేట లైసెన్సు మీరెప్పుడు తీసుకున్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న కొత్తది లేకుండా ఇంట్లో రైఫిల్ ఉందంటే, హెచ్‌1బి మనిషి ఆ పొద్దున్నే చట్టం తప్పినట్టు. తుపాకీ కేసు దేశం నుంచి పంపించడానికి కారణమయ్యే నేరాల్లో ఒకటి. పదేళ్లు గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ మనిషి, ఏటా ఇరవై అయిదు డాలర్లకి దొరికే కాగితం మరిచిపోయి అదంతా పోగొట్టుకోకూడదు. ఫోన్ క్యాలెండర్‌లో ఆగస్టు 15కి అలారం పెట్టుకోండి. వీసా మీద ఉన్నవాళ్లు కొనే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒక్కసారి మాట్లాడండి. ఆ ఫీజు కూడా రైఫిల్ ఖర్చులో భాగమే అనుకోండి.

ఇంకొకటి. ఓ కుర్రాడు నాకు ఫోన్ చేసి "అన్నా, నీకు గ్రీన్‌కార్డు ఉందిగా, నీ పేరు మీద తీసుకో, డబ్బులు నేను నీ అకౌంటుకి జెల్ చేస్తా" అన్నాడు. మన వాళ్లకి అది సాయంలాగే కనిపిస్తుంది. ఇంటర్నెట్ కనెక్షన్ ఒకరి పేరు మీద తీసుకుని నలుగురు వాడుకున్నట్టు. "తమ్ముడూ, అది జైలు" అని చెప్పాను. డీలరు ఇచ్చే ఫారం 4473లో నిజంగా కొనేది మీరేనా అని సూటిగా అడుగుతారు. ఇంకొకరి డబ్బుతో ఇంకొకరి కోసం కొంటూ అవునని సంతకం పెడితే ఫెడరల్ నేరం. 2022లో చట్టాన్ని ఇంకా బిగించారు, శిక్ష పదిహేనేళ్ల దాకా ఉంది. ఎంత దగ్గరి వాళ్లడిగినా కాదనండి.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఇప్పుడే ముగించేయండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లకి అది తప్పనిసరి. పదిహేడేళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. తుపాకీ గురించి ఓనమాలు రాకుండా తుపాకీ కొనడానికి వెళితే షాపువాడు ఏం చెప్తే అదే నమ్మాల్సి వస్తుంది.

2. రైఫిల్ ధర కాదు, మొత్తం ఖర్చు రాసుకోండి

చేతిలో వెయ్యి డాలర్లున్నాయనుకుందాం. వెయ్యి పెట్టి రైఫిల్ కొనేస్తే దాని మీద స్కోప్ (గురి చూసే దుర్బిణి) ఉండదు, కాల్చడానికి తూటా ఉండదు. నేనైతే ఇలా పంచుతాను: రైఫిల్‌కి అయిదు వందలు, స్కోప్‌కి రెండు వందల యాభై, దాన్ని బిగించే రింగులకీ బేస్‌కీ నలభై యాభై, చెవులకి మంచి మఫ్స్, కళ్లద్దాలకి యాభై, మిగిలినదంతా తూటాలకి. ఇరవై తూటాల వేట పెట్టె సుమారు ముప్ఫై నుంచి యాభై డాలర్లు. నాలుగు పెట్టెలైనా కాల్చకుండా అడవికి వెళ్లకండి. దెబ్బ తగిలి తప్పించుకుపోయిన జింక రాత్రంతా పొదల్లో పడి చావడం నేను ఒకసారి చూశాను. ఆ చావుకి కారణం రైఫిల్ కాదు, దాన్ని పట్టుకున్న మనిషికి సాధన లేకపోవడం.

ఈ పంపకంలో కొత్తవైపు రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియాట్ లాంటివి వస్తాయి. ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనించే పిడి భాగం) బోలుగా ఉంటుంది, బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) కొంచెం గరగరలాడుతుంది, చూపుకి అందం తక్కువ. కానీ వంద గజాల దగ్గర గురి బాగా ఉంటుంది. ముప్ఫై ఏళ్ల కింద ఇంత తక్కువ ధరకి ఇంత గురి దొరికేది కాదు. అదే డబ్బుకి పాతవైపు వెళితే రెమింగ్టన్ 700, విన్‌చెస్టర్ మోడల్ 70, సావేజ్ 110, రూగర్ ఎం77 లాంటివి కనిపిస్తాయి. వాల్‌నట్ చెక్క స్టాక్, నీలిరంగు మెరుపున్న ఉక్కు, వెన్నలా జారే బోల్ట్. తరచుగా పాత స్కోప్ కూడా వాటి మీదే ఉంటుంది.

అందుకే సెకండ్ హ్యాండ్ అంటే నాకు ఇష్టం. వేట రైఫిల్‌కి, పాత కారుకి పెద్ద తేడా ఉంది. కారు లక్ష మైళ్లు తిరిగి మీ దగ్గరికొస్తుంది. వేట రైఫిల్ ఏడాదికి ఇరవై తూటాలు కాల్చి, మిగతా పదకొండు నెలలు బీరువాలో నిలబడి ఉంటుంది. .308 లాంటి తూటాకి బ్యారెల్ (తుపాకీ గొట్టం) కొన్ని వేల రౌండ్లు తట్టుకుంటుంది. అంటే ఓ తాతగారు నలభై ఏళ్లు వాడిన రైఫిల్ బ్యారెల్ నూటికి తొంభై పాళ్లు అరగకుండానే ఉంటుంది. వేట రైఫిల్ కాల్పులతో పాడవదు. తేమతో పాడవుతుంది, తెలియనివాడి స్క్రూడ్రైవర్‌తో పాడవుతుంది. పాతది చూసేటప్పుడు కళ్లు ఈ రెండింటి కోసమే వెతకాలి.

తూటా రకం గురించి క్లుప్తంగా. టెక్సాస్ వైట్‌టెయిల్ జింకకి .243, .270, .308, 6.5 క్రీడ్‌మోర్ వీటిలో ఏదైనా చాలు. మొదటిసారైతే భుజానికి తక్కువ తన్నే .243 గాని 6.5 క్రీడ్‌మోర్ గాని. మాగ్నమ్, అంటే మందు ఎక్కువ కూరిన బలమైన తూటాల, జోలికి వెళ్లొద్దు. తన్నుకి భయపడి ట్రిగ్గర్ లాగేటప్పుడు కళ్లు మూసుకునే అలవాటు పట్టుకుంటే వదిలించుకోవడం చాలా కష్టం. రిమ్‌ఫైర్ తూటాతో, అంటే .22తో, టెక్సాస్‌లో జింకని వేటాడకూడదు. సాధనకి మాత్రం అంతకంటే మంచిది లేదు. సెకండ్ హ్యాండ్ అరలో ఒక రైఫిల్ మిగతావాటికంటే బాగా చవగ్గా కనిపిస్తే బ్యారెల్ మీద చెక్కిన తూటా పేరు చదవండి. .300 సావేజ్ లాంటి పాతకాలం పేరైతే రైఫిల్ చవక, తూటాలు దొరకడం కష్టం.

3. భుజానికి ఆనించి చూడండి

కొత్తదైనా పాతదైనా ఇది తప్పదు, నిమిషం పని. షాపువాణ్ణి అడిగి, బోల్ట్ తెరిచి ఖాళీ అని మీ కళ్లతో చూసుకుని, వేలు చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) పెట్టి తడిమి చూసుకుని, మనుషులు లేని వైపు తిప్పండి. కళ్లు మూసుకుని రైఫిల్‌ని భుజానికి ఎత్తి చెంప ఆనించండి. కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా కనబడితే అది మీ కొలతే. మెడ సాగదీయాల్సి వచ్చినా, చుట్టూ నల్లటి నీడ కనబడినా కొలత కుదరలేదు. మామూలు స్టాక్‌లో ట్రిగ్గర్ నుంచి భుజం దాకా పదమూడున్నర అంగుళాలుంటుంది. ఇక్కడి పొడుగు మనుషుల కొలత అది. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి, మన ఆడవాళ్లకి చాలామందికి, పన్నెండున్నర దగ్గర ఉండే కాంపాక్ట్ మోడల్ నప్పుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకి బోల్ట్ ఎడమవైపున్న రైఫిళ్లు కొత్తవాటిలో సులువుగా దొరుకుతాయి, పాతవాటిలో అరుదు.

4. పాతదాన్ని ఇలా పరీక్షించండి

పెళ్లిచూపుల్లో నగలు కాదు, మనిషిని చూడాలంటారు కదా. పైన మెరుపు చూసి మోసపోవద్దు. జేబులో చిన్న టార్చి, నాలుగు చెవిపుల్లలు, ఒక డాలరు నోటు వేసుకుని బయల్దేరండి.

మొదట సీరియల్ నంబరు. అరగదీసినట్టున్నా, చెరిపినట్టున్నా మాటామంతీ లేకుండా బయటికి వచ్చేయండి. అది దగ్గర పెట్టుకోవడమే నేరం. కొన్ని రైఫిళ్లలో బోల్ట్ మీద కూడా ఆ నంబరు చివరి అంకెలుంటాయి. రెండూ కలవకపోతే వేరే రైఫిల్ బోల్ట్ ఇందులో పెట్టారని అర్థం. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ మూసినప్పుడు తూటాకి ఉండే సందు, కొలిచేదాకా దానితో కాల్చకూడదు.

తర్వాత స్క్రూలు. ఇది అందరూ వదిలేసే చోటు, నాకు మాత్రం చాలా విషయాలు చెప్పే చోటు. స్క్రూ తల మీద గాడి అంచులు నలిగి చిట్లి ఉంటే, సరైన పనిముట్టు లేకుండా ఎవరో ఇంట్లో విప్పారన్నమాట. స్క్రూని అలా చూసుకున్నవాడు ట్రిగ్గర్‌ని కూడా గెలికి ఉంటాడు.

బోల్ట్ బయటికి తీయమనండి. బ్యారెల్ వెనకవైపు నుంచి, ముందువైపు టార్చి వెలుగు పెట్టి లోపలికి చూడండి. టార్చి లేకపోతే తెల్ల కాగితం ముక్క పెట్టినా వెలుగు పడుతుంది. బాగున్న బ్యారెల్‌లో గాడులు అంచులు తేలి, మెలి తిరుగుతూ, అద్దంలా మెరుస్తూ కనిపిస్తాయి. గాడుల మధ్య నల్లటి చుక్కలు, గరుకు మచ్చలు కనబడితే అది తుప్పు తిన్న చోటు. ఎంత తుడిచినా పోదు. అడ్డంగా ఒక నల్లటి ఉంగరం నీడలా కనిపిస్తే, ఎప్పుడో లోపల ఏదో అడ్డం పడి ఉండగా కాల్చి బ్యారెల్ ఉబ్బిందని గుర్తు. బేరం అక్కడితో ఆపేయండి. లోపల మురికిగా ఉంటే "తుడిచి చూపించండి" అని అడగడానికి మొహమాటపడొద్దు. మురికి కింద ఏముందో తుడిస్తేగాని తెలియదు. తుడవడానికి ఒప్పుకోని అమ్మకందారు నాకొద్దు.

ఇప్పుడు చెవిపుల్ల. బ్యారెల్ మూతి అంచుని క్రౌన్ అంటారు. తూటా చివరిసారిగా వదిలిపెట్టేది దాన్నే. అక్కడ చిన్న దెబ్బ ఉన్నా గురి చెదురుతుంది. కంటికి కనిపించని గీత కూడా దూదికి తగులుతుంది. చెవిపుల్లని ఆ అంచు లోపల చుట్టూ నెమ్మదిగా తిప్పండి. దూది పోగు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ దెబ్బ ఉంది. గన్‌స్మిత్ దాన్ని సరిచేయగలడు, ధరలో తగ్గించమనడానికి మీకు గట్టి ఆధారం.

డాలరు నోటు ఎందుకంటే, ఇప్పటి రైఫిళ్లలో చాలావాటిలో బ్యారెల్ స్టాక్‌ని తాకకుండా ఉండాలి. నోటుని రెంటి మధ్యా దూర్చి వెనక్కి లాక్కెళ్లండి. ఒకవైపు వెళ్లి ఇంకోవైపు ఆగిందంటే చెక్క వంగింది. పాత రైఫిళ్లలో కొన్నింటికి మూతి దగ్గర కావాలనే తాకించేవాళ్లు కాబట్టి దీన్నొక్కదాన్నే చూసి కాదనకండి. స్టాక్ మీద అసలు వెతకాల్సింది పగుళ్లు. బోల్ట్ వెనక చెక్క సన్నబడే చోట, మ్యాగజైన్ చుట్టూ, వెంట్రుకంత గీత ఉన్నా అది పెరుగుతుంది.

ఆ తర్వాత ట్రిగ్గర్, సేఫ్టీ. ఖాళీగా ఉందని మళ్లీ చూసుకోండి. ఖాళీ రైఫిల్ ట్రిగ్గర్ లాగడానికి యజమాని అనుమతి అడగండి, అది ఇక్కడ మర్యాద. బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలేయండి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. టిక్కుమని పిన్ను పడిందంటే, లోపల తూటా ఉన్న రైఫిల్ అయితే అదే పేలేది. బోల్ట్‌ని వేగంగా నాలుగైదుసార్లు కొట్టి మూయండి, ఒక్కసారి కూడా దానంతటదే పడకూడదు. రెమింగ్టన్ 700 చూస్తున్నట్టయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైన 700, మోడల్ సెవెన్ రైఫిళ్ల ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లని, ట్రిగ్గర్ లాగకుండానే పేలే ప్రమాదం ఉందని 2014లో కంపెనీయే వెనక్కి పిలిచింది. ఆ కాలం నాటిదైతే మరమ్మతు అయిందో లేదో తేల్చుకోండి. అంతకుముందు కాలపు 700ల ట్రిగ్గర్ల మీదా కోర్టు కేసులు నడిచాయి. మంచి రైఫిలే, నా దగ్గరా ఒకటుంది, కానీ ట్రిగ్గర్ మార్పించిన తర్వాతే కాల్చాను.

పాత మిలిటరీ రైఫిల్‌ని కోసి వేటకి మలిచినవి కూడా అరల్లో కనిపిస్తాయి. వాటిలో స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 సీరియల్ నంబరు 8,00,000 లోపు ఉంటే గోడకి తగిలించుకోవడానికే. ఆ తొలి రోజుల ఉక్కు పెళుసు, పగిలిన సందర్భాలున్నాయి.

చివరిది, చాలామంది అడగనిది: స్టాక్ విప్పి చూపించమనండి. రెండు స్క్రూల పని. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. నా రెండో రైఫిల్ ఒక .270. ఓ పార్కింగ్ లాట్‌లో ఒకాయన దగ్గర 425 డాలర్లకి కొన్నాను. చెక్క నిగనిగలాడుతోంది, బ్యారెల్ లోపల అద్దం. నా ఆనందానికి అంతులేదు. ఇంటికొచ్చి శుభ్రం చేద్దామని స్టాక్ విప్పితే, చెక్క కప్పిన గీత కింద నుంచి ఉక్కంతా మశూచి మచ్చల్లా గుంటలు పడి ఉంది. వానలో తడిసిన రైఫిల్‌ని పైపైన తుడిచి అలాగే బీరువాలో పెట్టేశారు. చెక్క పీల్చుకున్న నీళ్లు ఏళ్లతరబడి ఉక్కుని తిన్నాయి. గన్‌స్మిత్ దానికి గీసి రంగు వేసి ఇచ్చేసరికి కొత్తదాని ధర దాటిపోయింది. పైకి కనిపించే సగం ఎంత బాగున్నా కనబడని సగం చూడకుండా ఇప్పుడు జేబులో చెయ్యి పెట్టను.

ఇవన్నీ దాటాక కూడా అనుమానముంటే, కొనే ముందు గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళదామని అడగండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లినట్టే. హెడ్‌స్పేస్ కొలిచి, బోర్‌స్కోప్‌తో లోపలంతా చూడటానికి అయ్యే ఫీజు రైఫిల్ ధరలో చిన్న వంతు.

5. కొత్తదైతే

ఇక్కడ పని తక్కువ. పెట్టె తెరిపించి క్రౌన్, సేఫ్టీ, స్టాక్ చూసుకోండి. కొత్తదానిలోనూ లోపాలు వస్తాయి, అయితే బాధ్యత కంపెనీది. వారంటీ పత్రం చదవండి. చాలావాటిలో అది మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది. స్కోప్‌ల విషయం వేరు. లూపోల్డ్, వోర్టెక్స్ లాంటి కంపెనీలు ఎవరి చేతిలో ఉన్నా బాగుచేసి ఇస్తాయి కాబట్టి, పాత రైఫిల్ మీద ఆ పేరున్న స్కోప్ కనిపిస్తే దానికి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

పెట్టెలో స్కోప్‌తో కలిపి అమ్మేవి ఆకర్షిస్తాయి. ఆ స్కోప్ సాధారణంగా తక్కువ రకం. రైఫిల్ విడిగా, స్కోప్ విడిగా కొనండి. తొందర లేకపోతే సీజన్ ముగిశాక, జనవరి ఆఖరున, ఫిబ్రవరిలో చూడండి. షాపులు మిగిలిపోయిన సరుకు తగ్గించి ఇస్తాయి, పాతవాటి అర కూడా అప్పుడే నిండుతుంది. కొత్త రైఫిల్ బ్యారెల్‌లో ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. మొదటి తూటాకి ముందు శుభ్రంగా తుడవాలి, ఇది మాత్రం మరవొద్దు.

6. చేతులు మారేటప్పుడు

డీలరు దగ్గరైతే ఫారం 4473 నింపుతారు, కొనేవాడికి అడ్డంకులేమైనా ఉన్నాయేమో చూసే, ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ తనిఖీ జరుగుతుంది. చాలాసార్లు పది నిమిషాల్లో అయిపోతుంది. వీసా మీద ఉన్నవాళ్లకి ఆలస్యం కావడం మామూలే, కంగారు పడకండి. టెక్సాస్‌లో ఇద్దరు టెక్సాస్ వాసుల మధ్య నేరుగా జరిగే అమ్మకానికి ఈ తనిఖీ తప్పనిసరి కాదు. కాలిఫోర్నియా, కొలరాడో, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో డీలరు ద్వారానే జరగాలి. వేరే రాష్ట్రం మనిషి దగ్గర నేరుగా కొనడం ఎక్కడా కుదరదు. తప్పనిసరి కాని చోట కూడా డీలరు దగ్గర ట్రాన్స్‌ఫర్ చేయించుకోమనే నా సలహా. ఆ కాస్త ఫీజుకి, దొంగ సొత్తు కొన్నామేమో అన్న భయం లేకుండా నిద్రపడుతుంది. రసీదు, సీరియల్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.

డబ్బు కట్టే రోజుకే ఇంట్లో తాళం ఉన్న సేఫ్ సిద్ధంగా ఉండాలి. పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలేయడం టెక్సాస్‌లో నేరం. చట్టం సంగతి అలా ఉంచితే, మన ఇళ్లకి పుట్టినరోజులకీ పండగలకీ ఎంతమంది పిల్లలు వస్తారో ఒక్కసారి తలుచుకోండి. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద పెట్టండి.

రేంజ్‌కి తీసుకెళ్లే సంచిని ఇంకెందుకూ వాడకండి. ముఖ్యంగా ఇండియా ప్రయాణానికి. అడుగున జారిపోయిన ఒక్క తూటా మన విమానాశ్రయాల్లో స్కానింగ్‌లో బయటపడి కేసులు నమోదైన వార్తలు చూస్తూనే ఉన్నాం. సెలవు మీద అమ్మానాన్నల్ని చూడటానికి వెళ్లి పోలీసు స్టేషన్‌లో కూర్చోవడం ఎవరికీ వద్దు.

7. రేంజ్‌లో మొదటి రోజు

పాతదైతే మొదటి మూడు తూటాలు కాల్చి, ఖాళీ తొడుగులు ఏరి చూడండి. అడుగు భాగం దగ్గర మెరిసే ఉంగరంలాంటి గీత ఉన్నా, వెనక మధ్యలో పిన్ను తగిలే చిన్న మూత, ప్రైమర్, చిట్లినా, తొడుగు బయటికి రాక బోల్ట్ మొరాయించినా ఆపేసి గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి. బాగుంటే బెంచి మీద ఆనించి, పాతిక గజాల దగ్గర మొదలుపెట్టి వంద గజాలకి జరపండి. మూడు తూటాలు రెండంగుళాల లోపల పడుతుంటే జింకల వేటకి అది చాలు. అరంగుళం గుంపుల కోసం డబ్బు తగలేయకండి.

తర్వాత బెంచి వదిలేయండి. అడవిలో బెంచి ఉండదు. నేల మీద కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, ఎనిమిదంగుళాల పేపర్ ప్లేటు మీద అయిదు కాల్చండి. వైట్‌టెయిల్ జింక గుండె, ఊపిరితిత్తుల చోటు సుమారు అంతే ఉంటుంది. యాభై గజాల్లో అయిదూ ప్లేటులో పడ్డాయా, డెబ్బై అయిదుకి, అక్కడా పడితే వందకి జరగండి. వందలో పడ్డాయా, నూట యాభైకి. ఏ దూరంలో ఒక్కటి బయటికి పోయిందో అంతకు ముందు దూరమే ఈ ఏటికి మీ హద్దు. ఆ అంకెని తెల్ల టేపు మీద రాసి, చెంప ఆనించే చోటికి కొంచెం ముందు స్టాక్ మీద అంటించండి. నా మొదటి సీజన్లో దాని మీద 75 అని ఉండేది. నూట ఇరవై గజాల్లో నిలబడ్డ పెద్ద కొమ్ముల జింకని ఆ టేపు చూసి వదిలేశాను.